కువైట్ ప్రయాణం: పెట్టె కంటే ముందు సర్దవలసినవి

కోనసీమ అనగానే ఎవరికైనా కొబ్బరి తోటలు, కాలువలు, లాకులు జ్ఞాపకం వస్తాయి. వాటితోపాటు ఇంకొక సంగతి కూడా చెప్పుకోవాలి. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అమలాపురం, కొత్తపేట చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కువైట్, దుబాయి, మస్కట్, దోహా వెళ్ళి పనిచేస్తున్నవారు ఎందరో ఉన్నారు. వారిలో ఇంటిపనికి వెళ్ళిన స్త్రీలు చాలామంది. ఈ పత్రిక చదువుతున్న మీలో కొందరికి అమ్మో, పిన్నో, మేనత్తో, బాబాయో అక్కడ ఉండే ఉంటారు.

మనవారు సముద్రాలు దాటడం కొత్తేమీ కాదు. 19వ శతాబ్దంలోనే కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కి బర్మా వెళ్ళేవారు. ఆ రేవు పేరు మీదనే అక్కడ తెలుగువారిని 'కోరంగీలు' అని పిలిచారు. 1973 తరువాత చమురు ధరలు బాగా పెరిగి గల్ఫ్ దేశాల్లో పనులు పెరగడంతో ప్రయాణాలు పడమటి దిక్కుకు మళ్ళాయి.

ప్రయాణం ఖాయం కాగానే ఇంట్లో ఏం చేస్తారు? ఆవకాయ సీసాలో పెట్టి గట్టిగా మూత బిగిస్తారు. జంతికలు వండుతారు. పెట్టె ఎన్ని కిలోలు వచ్చిందో రెండు మూడు సార్లు తూస్తారు. శరీరాన్ని సిద్ధం చేయడం, కాగితాలు జాగ్రత్తగా చదవడం మాత్రం చివరికి మిగిలిపోతాయి. ఆ రెండు పనుల్లోనూ మీరు సాయపడగలరు. పీడనం, బాష్పీభవనం, టీకాలు మీ పాఠాల్లో ఉన్నవే. వాటిని మీ ఇంటివారి క్షేమానికి ఎలా వాడుకోవాలో ఇప్పుడు చూద్దాం.

దోమకు వీసా అక్కర్లేదు

మనిషితోపాటు రోగాలు కూడా ప్రయాణం చేస్తాయి. ఈ సంగతి పూర్వమే గ్రహించారు. ఏడ్రియాటిక్ సముద్రతీరంలోని రగూసా నగరం 1377లో ఒక కట్టుబాటు చేసింది. ప్లేగు ఉన్న చోట్ల నుంచి వచ్చినవారు 30 రోజులు ఊరి బయట ఆగి, ఆ తరువాతే లోపలికి రావాలి. తరువాత అది 40 రోజులైంది. ఇటలీ భాషలో 40కి ఉన్న మాట నుంచే 'క్వారంటైన్' అనే మాట పుట్టింది. ఒకప్పుడు విదేశాలకు వెళ్ళాలంటే మశూచి టీకా పత్రం చూపవలసి వచ్చేది. 1980లో మశూచి ప్రపంచం నుంచి తొలగిపోయిందని ప్రకటించాక ఆ అవసరం లేకపోయింది.

ఇప్పటికీ అలాంటి పత్రం అడిగే జబ్బు ఎల్లో ఫీవర్. ఇది ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల్లో ఉంది. గల్ఫ్ ప్రయాణానికి ఈ టీకా అక్కర్లేదు. కాని మనవారు కెన్యా, ఉగాండా, నైజీరియా వంటి దేశాలకూ ఉద్యోగాలకు వెళుతున్నారు. వారికి ఇది తప్పనిసరి. ఈ జబ్బును దోమ మోసుకొస్తుందని క్యూబా దేశపు డాక్టర్ కార్లోస్ ఫిన్లే 1881లో చెప్పాడు. 1900లో వాల్టర్ రీడ్ బృందం దానిని రుజువు చేసింది. టీకాను తయారుచేసిన మాక్స్ థెయిలర్‌కు 1951లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన దేశంలో ఎల్లో ఫీవర్ లేదు. మరి ఆఫ్రికా నుంచి తిరిగి వచ్చేవారిని విమానాశ్రయంలో టీకా పత్రం ఎందుకు అడుగుతారు? ఆ రోగాన్ని మోసే ఏడిస్ ఈజిప్టై దోమ మన దగ్గర కావలసినంత ఉంది. డెంగ్యూ, చికున్‌గున్యా వ్యాపింపజేసేది అదే. మీ పెరట్లో పారేసిన కొబ్బరి బొండం డొక్కలో నాలుగు చెంచాల వాన నీరు నిలిచినా చాలు, అది గుడ్లు పెడుతుంది. దోమ సిద్ధంగా ఉంది, వైరస్ మాత్రమే లేదు. ఒక్క రోగి ఆ వైరస్‌ను తెస్తే ఏమవుతుందో ఆలోచించండి. అందుకే పత్రం లేకుండా ఆ దేశాల నుంచి వచ్చినవారిని 6 రోజులు విడిగా ఉంచుతారు. వైరస్ ఒంట్లో చేరాక జబ్బు బయటపడడానికి పట్టే కాలం 3 నుంచి 6 రోజులు. నిబంధనలోని 6 అనే అంకె అలా వచ్చింది.

ఈ టీకా వేయించుకున్న 10 రోజుల తరువాతే పత్రం చెల్లుతుంది. శరీరం రక్షక పదార్థాలను తయారుచేసుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. కాబట్టి ప్రయాణం రేపనగా పరుగెత్తితే లాభం లేదు. పత్రం 10 ఏళ్ళకు ఒకసారి మార్చుకోవాలన్న పాత నియమం 2016లో పోయింది. ఇప్పుడు ఒకసారి తీసుకుంటే జీవితాంతం చెల్లుతుంది. ఈ టీకాను ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిది.

గల్ఫ్ వెళ్ళేవారికి ముందుగా వైద్య పరీక్ష ఉంటుంది. క్షయ ఉందేమో అని ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. హెచ్.ఐ.వి., కాలేయ వ్యాధుల కోసం రక్తం పరీక్షిస్తారు. దీన్ని గండం అనుకుని భయపడేవారు ఉన్నారు. డబ్బు ఇస్తే 'పాస్' చేయిస్తామని చెప్పేవారూ ఉన్నారు. పరీక్షలో క్షయ బయటపడితే ప్రయాణం ఆగుతుంది, నిజమే. కాని క్షయ మందులతో నయమయ్యే జబ్బు. మందులు మన ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. దాచిపెట్టి వెళితే అక్కడి పరీక్షలో పట్టుబడి తిరిగి రావలసి వస్తుంది. ఈలోగా జబ్బు ముదురుతుంది.

ఎండలో చెమట చేసే పని

మన ఊరి ఎండకు అలవాటు పడినవారికి గల్ఫ్ ఎండ ఒక లెక్కా అనుకోవచ్చు. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదయింది. మన శరీరపు ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకు ప్రవహిస్తుందని చదువుకున్నారు కదా. గాలి 37 డిగ్రీలు దాటితే శరీరం తన వేడిని గాలికి ఇవ్వలేదు. గాలే శరీరాన్ని వేడెక్కిస్తుంది. అప్పుడు మనకు మిగిలిన ఒకే దారి చెమట.

ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒక అరచేతి వెనుక నీటి చుక్క, రెండో చేతి వెనుక స్పిరిట్ చుక్క వేసి ఊదండి. రెండు చోట్లా చల్లగా ఉంటుంది, స్పిరిట్ ఉన్న చోట మరీ చల్లగా ఉంటుంది. ద్రవం ఆవిరి కావడానికి కావలసిన వేడిని చర్మం నుంచి తీసుకుంటుంది. దానినే బాష్పీభవన గుప్తోష్ణం అంటాం. 1 గ్రాము చెమట ఆవిరి కావడానికి సుమారు 580 కెలోరీల వేడి కావాలి. అంటే ఒక లీటరు చెమట ఆవిరి అయితే 5,80,000 కెలోరీలు శరీరం నుంచి పోతాయి. దాదాపు 6 లీటర్ల మంచు చల్లని నీటిని మరిగే దాకా కాచడానికి సరిపోయే వేడి అది!

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఎడారిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పుట్టీ పుట్టగానే ఆవిరైపోతుంది. చొక్కా తడవదు. అందువల్ల మనిషి తనకు చెమటే పట్టలేదనుకుంటాడు. ఒంట్లో నీరు మాత్రం తరిగిపోతూ ఉంటుంది. దుబాయి, దోహా వంటి సముద్రతీర నగరాల్లో దీనికి విరుద్ధం. వేసవి గాలిలో తేమ నిండి ఉండడంతో చెమట కారిపోతుంది గాని ఆవిరి కాదు. కారిపోయిన చెమట వేడిని తీసుకుపోదు. ఉక్కపోత రోజున మన తాటాకు పందిట్లో కూడా ప్రాణం విలవిలలాడడం దీనివల్లనే.

కొత్తగా వెళ్ళిన శరీరం ఆ ఎండకు అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ కాలంలో చెమట త్వరగా పట్టడం, చెమటలో ఉప్పు తక్కువ పోవడం వంటి మార్పులు ఒంట్లో జరుగుతాయి. వడదెబ్బ ప్రమాదం మొదటి రోజుల్లోనే ఎక్కువ. కాబట్టి మొదటివారం బరువు పని కొంచెం కొంచెంగా పెంచుకోవాలి. దాహం వేసే దాకా ఆగకుండా నీరు తాగుతుండాలి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తే నీరు చాలలేదని గుర్తు. ఎండ వేళ ఆరుబయట పని చేయించకుండా అక్కడ నిబంధనలు కూడా ఉన్నాయి. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 గంటల దాకా పని ఆపాలి. దుబాయి ఉన్న యు.ఏ.ఇ.లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఆపాలి. మేడ కట్టే పనికి వెళ్ళే బాబాయికి ఈ వేళలు తెలిసి ఉండాలి.

ఎండలో ఉన్న మనిషి తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే, ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చాలి. బట్టలు వదులు చేసి ఒళ్ళంతా తడిపి విసరాలి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్ళు పోయరాదు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చాలి.

విమానంలో చెవులు ఎందుకు మూసుకుపోతాయి?

విమానం 10 కిలోమీటర్లకు పైగా ఎత్తులో ఎగురుతుంది. అక్కడి గాలి మనిషి బతకడానికి చాలదు. అందుకని విమానం లోపల గాలిని ఒత్తి నింపుతారు. అయినా లోపలి పీడనం నేల మీద ఉన్నంత ఉండదు. సుమారు 2,400 మీటర్ల కొండ మీద ఉండే పీడనానికి అది తగ్గవచ్చు. బాయిల్ నియమం గుర్తుందా? పీడనం తగ్గితే వాయువు ఘనపరిమాణం పెరుగుతుంది. కడుపులోని గాలి, చెవిలోని గాలి దాదాపు మూడోవంతు వ్యాకోచిస్తాయి. కర్ణభేరి వెనుక ఉన్న గాలి గొంతులోకి తెరుచుకునే యూస్టేషియన్ నాళం గుండా పోయి సర్దుకోవాలి. విమానం దిగేటప్పుడు బయటి గాలి అదే దారిన లోపలికి రావాలి. జలుబు చేసినప్పుడు ఆ నాళం వాచి మూసుకుంటుంది, చెవిపోటు వస్తుంది. మింగినప్పుడు, ఆవలించినప్పుడు నాళం తెరుచుకుంటుంది. కాబట్టి దిగేటప్పుడు బిళ్ళ చప్పరించమనండి. పసిపిల్లలకు పాలు పట్టాలి.

మీవారు వెళ్ళేటప్పుడు ఒక పని అప్పగించండి. పైన ఎగురుతుండగా ఖాళీ ప్లాస్టిక్ సీసాకు గట్టిగా మూత పెట్టి, దిగాక దాని ఆకారం చూడమనండి. అది నొక్కుకుపోయి ఉంటుంది. ఎందుకో మీరే చెప్పండి.

కువైట్ నాలుగైదు గంటల ప్రయాణం, అమెరికా పదిహేను గంటలకు పైమాటే. కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం నిలిచి గడ్డ కట్టే ప్రమాదం ఉంది. పిక్కల కండరాలు బిగిసినప్పుడల్లా రక్తాన్ని పైకి నెడతాయి. గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయడం, కూర్చున్నచోటే మడమలు పైకెత్తి దించడం మంచిది.

గడియారం, సూర్యుడు

భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు దగ్గరగా పోతుంది. అమలాపురం సుమారు 82 డిగ్రీల మీద ఉంది. ఒక డిగ్రీకి 4 నిమిషాల తేడా కాబట్టి, మన గడియారానికీ మన సూర్యుడికీ మధ్య తేడా 2 నిమిషాలే! కువైట్ గడియారం మనకంటే 2 గంటల 30 నిమిషాలు వెనుక, దుబాయి, మస్కట్ గడియారాలు 1 గంట 30 నిమిషాలు వెనుక నడుస్తాయి. ఈ తేడాకు శరీరం తొందరగానే సర్దుకుంటుంది. అమెరికా తూర్పుతీరం చలికాలంలో 10 గంటల 30 నిమిషాలు వెనుక. అక్కడికి వెళ్ళినవారికి పగలు నిద్ర ముంచుకొస్తుంది, అర్ధరాత్రి మెలకువ వస్తుంది. శరీరంలోని ప్రతి కణానికీ ఒక లయ ఉంది. ఆ లయ ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు 2017లో ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ లయను సరిచేసే మంచి మందు పగటి వెలుతురే. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ వాడేవారు మాత్రం వేళలు ఎలా మార్చుకోవాలో ముందే డాక్టరును అడగాలి.

పెట్టెలో ఉండరానివి

అంబాజీపేట కురిడీ కొబ్బరికి ఎంత పేరో మీకు తెలుసు. దానిని విమానంలో తీసుకుపోనివ్వరని తెలుసా? ఎండు కొబ్బరిలో 60 శాతానికి పైగా నూనె ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆ నూనె నెమ్మదిగా ఆక్సీకరణం చెందుతుంది, వేడి పుడుతుంది. వేడి బయటికి పోయే దారి లేక పోగుపడితే సరుకు తనంతట తానే అంటుకోవచ్చు. అందుకే ఐక్యరాజ్యసమితి ప్రమాదకర సరుకుల పట్టికలో ఎండు కొబ్బరికి 1363 అనే సంఖ్య ఉంది. 2022 నుంచి మన విమానాశ్రయాల్లో దీనిని పెట్టెల్లో పెట్టనివ్వడం లేదు. ఫోనుకు చార్జి ఎక్కించే పవర్ బ్యాంకును కూడా పెట్టెలో వేయరాదు, చేతిసంచిలోనే ఉంచుకోవాలి. దానిలోని లిథియం బ్యాటరీ అంటుకుంటే మనుషుల ఎదుట ఉంటేనే ఆర్పగలరు.

అంతకంటే ముఖ్యమైనది గసగసాలు. మనకు అది కూరల్లో వేసే దినుసు. గసగసాల మొక్క కాయ పాల నుంచే నల్లమందు తీస్తారు. గింజలకు కూడా ఆ మందు లేశం అంటుకుని ఉంటుంది. సౌదీ అరేబియా, యు.ఏ.ఇ. దేశాల్లో గసగసాలు నిషిద్ధం. మసాలా పొడిలో కలిసినా చిక్కే. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు, నిద్ర మాత్రల పైన కూడా గల్ఫ్ దేశాల్లో గట్టి కట్టుబాట్లున్నాయి. రోజూ వాడే మందులుంటే వాటి అసలు అట్టలతోనే, డాక్టరు రాసిన చీటీతో, చేతిసంచిలో పెట్టుకోవాలి. చీటీలో మందు అసలు పేరు ఇంగ్లీషులో స్పష్టంగా ఉండాలి.

"మా అబ్బాయికి ఈ పొట్లం ఇచ్చెయ్యమ్మా" అని ఎవరైనా ఇస్తే? విప్పి చూడకుండా తీసుకోరాదు. తెలిసినవారే కావచ్చు. కాని అక్కడ పెట్టె ఎవరి చేతిలో ఉంటే పొట్లం వారిదే. మత్తు పదార్థం దొరికితే ఏళ్ళ తరబడి జైలు. మొహమాటం కంటే ప్రాణం పెద్దది.

చేరాక తెలిసి ఉండవలసినవి

కొత్త నీరు, కొత్త తిండి వల్ల విరేచనాలు పట్టుకుంటే వెంటనే ఓ.ఆర్.ఎస్. తాగాలి. చక్కెర, ఉప్పు కలిసి ఉంటే పేగు గోడ నీటిని బాగా పీల్చుకుంటుంది. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఈ ద్రావణంతోనే ఎందరినో బతికించాడు. పొట్లం దొరకకపోతే ఒక లీటరు శుభ్రమైన నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపాలి. టీ చెంచాతో తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే హాని. ఒంటె పాలు కాచకుండా తాగరాదు. 2012లో బయటపడిన మెర్స్ అనే శ్వాసకోశ వ్యాధి ఒంటెల నుంచి మనుషులకు సోకుతుంది.

కువైట్ అంటే ఎప్పుడూ ఎండే అనుకోకండి. చలికాలపు రాత్రుల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే తగ్గుతుంది. చలికి తలుపులు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రలోనే చనిపోయినవారున్నారు. గాలి చాలక బొగ్గు సగం కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అది పట్టుకుంటుంది. తల నొప్పి, తల తిరుగుడు అనిపించేలోపే మనిషికి లేచే శక్తి పోతుంది. మూసిన గదిలో నిప్పు వద్దని మీవారికి తప్పక చెప్పండి.

తిరిగి వచ్చాక జ్వరం వస్తే, ఏ దేశం వెళ్ళి ఎప్పుడు వచ్చారో డాక్టరుకు చెప్పాలి. ఆఫ్రికాలో సోకిన మలేరియా ఇంటికి వచ్చిన కొన్ని వారాల తరువాత కూడా బయటపడవచ్చు.

కాగితాలు చదవడం మీ వంతు

పదవ తరగతి పాసు కానివారి పాస్‌పోర్టుపై 'ఇ.సి.ఆర్.' అని ఉంటుంది. వారు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాల్లో పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి పొందాలి. 1983 నాటి వలస చట్టం ఈ ఏర్పాటు చేసింది. అలాంటి పాస్‌పోర్టుపై ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి 30 ఏళ్ళు నిండి ఉండాలి. కొందరు దళారులు ఈ దారి తప్పించి విజిట్ వీసాపై పంపుతారు. విజిట్ వీసా చూసి రావడానికే, పని చేయడానికి కాదు. దానిపై పనిచేస్తే అక్కడి చట్టం దృష్టిలో నేరస్థులవుతారు. జీతం ఇవ్వకపోయినా అడిగే హక్కు బలహీనమవుతుంది. వీసా కాగితంపై ఏ రకం వీసా అని రాసి ఉందో మీరు చదివి చెప్పండి. ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ జాబితాలో చూడవచ్చు.

ఈ అనుమతితో వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు. ప్రమాదంలో మరణించినా, పూర్తిగా అంగవైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు వస్తాయి.

కువైట్ 2015లో ఇంటిపనివారి కోసం ఒక చట్టం చేసింది. దాని ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. పాస్‌పోర్టును యజమాని తన దగ్గర అట్టిపెట్టుకోరాదు. ఈ మూడు మాటలు తెలిసిన మనిషి అక్కడ నోరు విప్పి అడగగలదు.

ఇప్పుడు ఒక తెల్లకాగితం తీసుకోండి. వెళ్ళేవారి పాస్‌పోర్టు సంఖ్య, వీసా రకం, పనిచేసే చోటి చిరునామా, ఏజెంటు పేరు, రక్త వర్గం, పడని మందులు, రోజూ వాడే మందులు, అక్కడి భారత రాయబార కార్యాలయం ఫోను నంబరు రాయండి. రెండు నకళ్ళు తీయండి. ఒకటి వారి సంచిలో, ఒకటి ఇంట్లో బీరువాలో ఉండాలి. అకామా కార్డు చేతికి రాగానే దాని సంఖ్యను కూడా ఫోనులో చెప్పించుకుని ఇంటి నకలులో చేర్చండి. సముద్రానికి అవతల కష్టం వచ్చిన రోజున ముందుగా అందరూ అడిగేవి ఈ వివరాలే. అప్పుడు వెతుక్కోకుండా, తీసి చదివి చెప్పగలిగేలా ఈ కాగితం మీ చేతిరాతతో మీ ఇంట్లో సిద్ధంగా ఉండాలి.